ఒంటి మీద నుంచి దిగిన అద్దాలు ఎక్కడికి పోవాలె?



ఈసారి పోస్టు ఇంటి డెకరేషన్ మీద. "సెమిస్టర్ పరీక్షలు దగ్గరికొచ్చినయి, స్కాలర్‌షిప్ ఇంకా పడలే, నీకు డెకరేషన్ ముచ్చట కావాల్నా" అని మా రూంల అక్కనే అన్నది. అయినా రాస్తున్న. ఎందుకంటే ఈ యేడు మన తండాలల్ల కొత్త ఇండ్లు లేస్తున్నయి, ఆ ఇండ్లల్లకు పోయేటప్పుడు పాత ఇంట్ల నుంచి ఏం తీసుకపోతున్నం, ఏం పారేస్తున్నం అన్నది ఎవరూ మాట్లాడుత లేరు. రేపు మాట్లాడుదామన్నా అప్పటికి వస్తువులు మిగలవు.

మోపాల్, ఇందల్వాయి, ధర్పల్లి, సిరికొండ దిక్కు గానీ, బోధన్ అవతల వర్ని దిక్కు గానీ, ఏ తండాకు పోయినా ఇసుక కుప్పలు, సలాకలు కనబడుతున్నయి. ఇందిరమ్మ ఇల్లు వచ్చినోళ్లకు సర్కారు 5 లక్షలు దశలవారీగా ఇస్తది. ఆ పైసలతోని గోడలు, స్లాబు అయితయి. అక్కడి నుంచి అసలు కథ మొదలైతది. ఫోన్ల రీల్స్ చూసి ఇంటి లోపల మెరవాలె అంటరు. హాల్‌కు పీఓపీ సీలింగ్, దాంట్ల గోల్డ్ కలర్ పట్టీలు, టీవీ వెనుక గోడకు పాలరాయి లెక్క కనిపించే ప్లాస్టిక్ షీట్లు, మూలకు అద్దం ముక్కల ప్యానెల్. వీటికి సర్కారు పైసలు సరిపోవు. సంఘం లోన్ల నుంచో, వారం వారం కట్టే ఫైనాన్స్ నుంచో తెస్తరు.

మెరుపు మీద ఆశ పడితే తప్పని నేను అంట లేను. ఇది ముందే చెప్తున్న, కింద కామెంట్లల్ల "పేదోళ్ల ఇల్లు మంచిగ కనబడితే నీకేం బాధ" అని రాకుండా. మన జాతికి మెరుపు అంటే ఎంత ఇష్టమో మన దాదిల బట్టలు చూస్తేనే తెలుస్తది. నాకు బాధ ఎక్కడ అంటే, అదే ఇంటి ముందటికి అదే వారంల స్టీలు సామాన్లోడు వస్తడు. "పాత బట్టలు, పాత ఇత్తడి" అని ఒర్రుకుంట బండి ఆపుతడు. కొత్త ఇంట్లకు పాత సందుగ ఎందుకని దాంట్లున్న ఫేటియా, కాంచళి, టుక్రి తీసి ఇచ్చేస్తరు. రెండు స్టీలు గిన్నెలు, ఒక ప్లాస్టిక్ టబ్బు వస్తయి. ఇత్తడి గుండిని కాంటా మీద పెట్టి తుక్కు లెక్కన తూకం వేస్తడు. తెల్లారి ఆ పైసలకు ఇంకిన్ని కలిపి గోల్డ్ పట్టీ కొంటరు.

ఆ గోల్డ్ పట్టీ ఏందో నేను మా కెమిస్ట్రీ సార్‌ను అడిగిన. స్టీలు పట్టీ అయితే దాని మీద గాలి తీసేసిన గదిల టైటానియం నైట్రైడ్ అనే పల్చటి పొర ఎక్కిస్తరట. అది బంగారం రంగుల కనబడతది. అగ్గువది అయితే అది కూడా ఉండదు, ప్లాస్టిక్ ఫిల్మ్ మీద అల్యూమినియం పొర, దాని మీద పసుపు రంగు, అంతే. గీసుకపోతే కింద తెల్లగ బయటపడతది, మళ్ల తోమితే రాదు. ఇత్తడి అట్ల కాదు. రాగి, జింకు కలిపి పోసిన లోహం, పైన ఏముందో లోపల అదే ఉంటది. నల్లబడితే చింతపండు, బూడిద పెట్టి రుద్దితే మళ్ల మొదటి లెక్క వస్తది. యాభై ఏండ్ల కింది బిందె దవాళికి తోముతే ఎట్ల మెరుస్తదో మీ అందరికి తెలుసు.

ఇప్పుడు ఇంకో దిక్కు చూడండి. మనం కాంటా మీద పెట్టిన వస్తువే పట్నంల ఏమైతున్నది? నిజామాబాద్‌ల ఒక ఫంక్షన్ హాల్ దర్వాజ దగ్గర పెద్ద ఇత్తడి గంగాళం పెట్టి, నీళ్లు పోసి, పూల రేకులు వేసిన్రు. పెండ్లికి వచ్చినోళ్లంతా దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నరు. హైదరాబాద్‌ల పెద్దోళ్ల ఇండ్లల్ల సోఫా మీద దిండ్లు చూస్తే అద్దాలు, గవ్వలు, ఎర్రటి దారం. పాత ఫేటియాలను కత్తిరించి, ముక్కలు అతికి, దిండు గలీబులు, గోడకు వేలాడదీసే గుడ్డలు, బ్యాగులు చేసి అమ్ముతున్నరు. అద్దాలు ఎక్కువ ఉన్న ముక్కకు ఎక్కువ ధర. కుట్టిన మనిషి ఎవరో ఎవరికీ తెల్వదు. ఆమె దగ్గర నుంచి అది ఎంతకు పోయిందో అసలే తెల్వదు.

నేను మా దాది కాంచళి మీద అద్దాలు లెక్కబెట్టిన. 212 ఉన్నయి. ఒక్క అద్దం కుట్టాలంటే ముందు దాని మీద నుంచి అడ్డం, నిలువు దారాలు వేసి బిగించాలె, తర్వాత చుట్టూ ఒక్కొక్క కుట్టు వేసుకుంట రావాలె. బట్టకు రంధ్రం చేసి అంటించేది కాదు, దారంతోనే అద్దాన్ని పట్టుకోవాలె. చెయ్యి తిరిగినోళ్లకు కూడా ఒక్కో దానికి ఐదు నిమిషాలు పడతదనుకుందాం. 212 అద్దాలకు 1,060 నిమిషాలు, అంటే పదిహేడు గంటల నలభై నిమిషాలు. ఇది అద్దాలకే. గవ్వలు, పూసలు, పాత పైసలు, అంచుల కుట్లు లెక్కల లేవు. ఆమె అది కూలికి పోయొచ్చినంక, వంట అయినంక, దీపం ముందట కుట్టింది. రెండు రోజుల కూలి అద్దాలకే అయితుంటే మొత్తానికి రెండు స్టీలు గిన్నెలు ఎట్ల సరిపోతయి? ఈ లెక్క చెప్తే మా బాపు నవ్విండు. తర్వాత ఆ సందుగకు తాళం వేసిండు.

అసలు మన మెరుపు గోడల మీద ఎందుకు లేదు, ఒంటి మీదనే ఎందుకున్నది? దీనికి జవాబు మన చరిత్రల ఉన్నది. రాజస్థాన్‌ల ఆమేర్ కోటల శీష్ మహల్ ఫోటోలు మీరు చూసే ఉంటరు. గోడలు, కప్పు మొత్తం అద్దాల ముక్కలే, ఒక్క దీపం పెడితే గది అంతా చుక్కలు. రాజుకు గోడ ఉన్నది కాబట్టి గోడకు పెట్టుకున్నడు. మనోళ్లకు గోడ ఎక్కడిది? ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా తిరిగేటోళ్లం. 17వ శతాబ్దంల వచ్చిన ఫ్రెంచ్ వ్యాపారి తావెర్నియే పది పన్నెండు వేల ఎద్దులు ఒక్కసారి పోవుడు చూసిన అని రాసిండు. ఇల్లే నడుస్తుంటే గోడకు ఏం పెడతం? అందుకే అద్దం ఫేటియాకు ఎక్కింది, గవ్వ సంచికి ఎక్కింది, వెండి హాస్లి అయి మెడకెక్కింది, ఘుగ్రి, టోప్లి అయి జుట్టుకెక్కింది. ఎద్దు కొమ్ములకు, మెడకు కూడా ఎక్కింది. అడవిల పోయేటప్పుడు అద్దాల మెరుపుకు జంతువులు బెదురుతయని పెద్దోళ్లు చెప్తరు. అది ఎంత నిజమో గానీ, ఆస్తి మొత్తం ఒంటి మీద ఉండాలె, లేకుంటే బండి మీద ఉండాలె అన్నది మాత్రం బతుకు తెలివి. రైళ్లు వచ్చి ఎద్దుల వ్యాపారం పోయింది. 1871ల బ్రిటిషోళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి తిరిగే జాతుల మీద నేరస్థుల ముద్ర వేసిన్రు. ఆ చట్టం 1952 దాకా పోలేదు. తండాలు ఒక్క చోట నిలబడినంక కూడా మెరుపు చానా రోజులు ఒంటి మీదనే ఉండిపోయింది.

ఇంట్లకు వచ్చిన మొదటి మెరుపు ఇత్తడి. పూరిగుడిసె అయినా సరే, లోపల ఒక గద్దె మీద బిందె మీద బిందె, గుండి, చెంబులు వరుసగ పేర్చి ఉండేటివి. దర్వాజల నుంచి ఎండ పడితే ఆ మూల మొత్తం ఎర్రగ వెలిగేది. మా నాని వాళ్లది బోధన్ దిక్కు. అక్కడ చెరుకు పైసలు వచ్చిన యేడు ఇత్తడి కొనేటోళ్లు, పైసలు లేని యేడు అదే ఇత్తడి కుదువబెట్టేటోళ్లు అని ఆమె చెప్తది. శక్కర్‌నగర్‌ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937ల మొదలైంది, 2002ల ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్ల మూతపడ్డది. చెరుకు ఉన్న చోటల్ల వరి వచ్చింది. ఇత్తడి ఉన్న చోటల్ల స్టీలు వచ్చింది. స్టీలు రావుడు మంచిదే, దాని మీద నాకు కోపం లేదు. ఇత్తడి గిన్నెల పులుపు వండాలంటే లోపల కలాయి ఉండాలె, కలాయి వేసేటోళ్లు ఊర్లల్లకు వచ్చుడు బందైంది. రోజూ చింతపండు పెట్టి తోమే చేతులు ఎవరివి? ఆడోళ్లవే. వంటకు స్టీలు వాడుకుందాం. కానీ వంటకు పనికిరానిది ఇంటికే పనికిరాదు అని ఎవరు చెప్పిన్రు?

ఇదే మాట బట్టలకు కూడా. ఇక్కడ మన గ్రూపుల కొంతమంది అన్నలతోని నాకు పేచీ ఉన్నది. సేవాలాల్ జయంతి రాంగనే, తీజ్ రాంగనే "మన ఆడపిల్లలు మన డ్రెస్ వేసుకుంట లేరు, సంస్కృతి మర్చిపోయిన్రు" అని పోస్టులు పెడతరు. అన్నలారా, ఆ ఫేటియా ఒకసారి చేతిల పట్టుకొని చూడండి. అద్దాలు, గవ్వలు, సీసపు గుండ్లు, పైసలు. దాని మీద మోచేతి పై దాకా బలియా గాజులు. ఏప్రిల్ నెల నిజామాబాద్ ఎండల అది వేసుకొని బస్సెక్కి గిర్రాజ్ కాలేజీ దాకా వచ్చి క్లాసుల కూర్చోండి. మీరు ధోతి, పాగా వదిలిపెట్టి జీన్స్ వేసుకున్న రోజు ఎవరూ పోస్టు పెట్టలేదు. మా దాదిలు దాన్ని ఇష్టపడి వేసుకున్నరు, నిజమే, కానీ వద్దనుకునే స్వేచ్ఛ కూడా వాళ్లకు లేకుండె. పండుగకు వేసుకుంటం, సంబురంగ వేసుకుంటం. రోజూ వేసుకోం.

మరి వేసుకోనప్పుడు ఆ బట్ట ఎక్కడికి పోవాలె? ఇదే నేను అడిగేది. ఇప్పటిదాకా మనకు రెండే దారులు కనబడుతున్నయి: ఒంటి మీద ఉండాలె, లేకుంటే స్టీలు సామాన్లోని సంచిల ఉండాలె. మూడోది ఉన్నది. ఇప్పుడు మనకు గోడ వచ్చింది. మన పెద్దోళ్లకు లేనిది అదే. సున్నం వేసిన తెల్ల గోడ మీద దాది టుక్రి ఒక్కటి విప్పి వేలాడదీయండి. ఎదురుగ కిటికీ ఉంటే పొద్దున ఎండ పడ్డప్పుడు ఎదురు గోడ మొత్తం చుక్కలు పడతయి. దానికి ఏ ప్రొఫైల్ లైటు సరిరాదు, కరెంటు బిల్లు కూడా రాదు.

"బట్టను గోడకు పెడితే ఇల్లు మ్యూజియం అయితది, మనమే మనల్ని బొమ్మలను చేసుకుంటున్నం" అని ఒక తమ్ముడు అన్నడు. ఆలోచించాల్సిన మాటనే. మ్యూజియంల గాజు పెట్టె మీద "లంబాడీ స్త్రీ దుస్తులు" అని రాస్తరు, అంతే. మీ ఇంట్ల అయితే ఇది ఎవరు కుట్టిన్రు, ఏ పెండ్లికి కుట్టిన్రు, ఈ మూలకు దారం రంగు ఎందుకు మారింది అన్నది అడిగితే చెప్పేటోళ్లు ఉంటరు. ఆ చెప్పేటోళ్లు ఉన్నప్పుడే పెట్టాలె.

ఇంకొంతమందికి సిగ్గు. ఇది కూడా దాచకుండ మాట్లాడుదాం. ఇంటికి కాలేజీ దోస్తులు వస్తే "ఓ, లంబాడోళ్లా" అంటరని దాది ఫోటో కూడా లోపలి అర్రల పెట్టుకునేటోళ్లు ఉన్నరు. హాస్టల్‌ల నేనే చూసిన. గోల్డ్ పట్టీ కొనుడుల సగం కారణం ఇదే అని నా అనుమానం. అందరి ఇల్లు లెక్క మన ఇల్లు కనబడాలె, ఎవరి ఇల్లో తెలవొద్దు. కానీ ఆ "అందరూ" ఇప్పుడు మన అద్దాల గుడ్డలు కొని సోఫా మీద వేసుకుంటున్నరు. వాళ్లకు ఫ్యాషన్ అయింది మనకు నామోషీ ఎట్ల అయితది?

అమ్ముకోవద్దా అంటే, అమ్ముకోండి, మస్తుగ అమ్ముకోండి. కొత్తగ కుట్టి అమ్మండి. పక్క రాష్ట్రం కర్ణాటకల సండూరు లంబాణీ కుట్టుపనికి జీఐ గుర్తింపు ఉన్నది. 2023 జులైల హంపిల జీ20 సాంస్కృతిక సమావేశం జరిగినప్పుడు సండూరు కుశల కళా కేంద్రంల పనిచేసే 450 మందికి పైగా లంబాణీ ఆడోళ్లు కుట్టిన 1,755 ముక్కలు ఒక్క చోట పరిచి గిన్నిస్ రికార్డు తెచ్చిన్రు. గిన్నిస్ రికార్డుతోని పొయ్యి మీద అన్నం ఉడకదు, అది నాకూ తెలుసు. నాకు అందుల నచ్చింది ఏందంటే అవి కొత్తగ కుట్టిన ముక్కలు. కుట్టినోళ్ల చేతులకు పని దొరికింది, పాత సందుగలు ఖాళీ కాలేదు. మన జిల్లాల ఎన్ని తండాలున్నయి, కుట్టు తెలిసిన దాదిలు ఇంకా ఎంతమంది ఉన్నరు? మన గ్రూపుల ఇంత మందిమి ఉన్నం, ఆ లెక్క ఒక్కటి రాసిపెట్టుకోలేమా?

ఈ ముచ్చట ఒక్క లంబాడీలది కాదు. (మన గ్రూపుల లంబాడా, ఆదివాసీ లొల్లి అయితనే ఉంటది, ఈ పోస్టు కింద దయచేసి వద్దు.) గోదావరి దాటి ఉత్తరానికి పోతే ఆసిఫాబాద్ జిల్లాల ఉషేగావ్‌ల ఓజా కుటుంబాలు ఉన్నయి. గోండు గూడేలకు దేవుళ్ల బొమ్మలు, గంటలు, గజ్జెలు ఇత్తడితోని పోసి ఇచ్చేది వాళ్లే. ముందు మట్టితోని లోపలి బొమ్మ చేస్తరు, దాని మీద తేనెమైనాన్ని దారం లెక్క తీసి చుడుతరు, మళ్ల పైన మట్టి పూస్తరు. కాలిస్తే మైనం కరిగి పోతది, ఆ ఖాళీలకు కరిగిన ఇత్తడి పోస్తరు. మట్టి పగలగొడితేనే బొమ్మ బయటికొస్తది, అందుకే ఒక అచ్చుకు ఒక్కటే బొమ్మ. ఆదిలాబాద్ డోక్రా పేరుతోని దీనికి 2018ల జీఐ వచ్చింది. ఇప్పుడు ఆ నెమళ్లు, ఏనుగులు పట్నంల షోకేసులల్ల ఉన్నయి. గోండు అన్నలు, మీ ఇండ్లల్ల ఎన్ని ఉన్నయో మీరే చెప్పాలె. టీవీ కింద పెట్టనీకి చైనా బొమ్మ కొనే పైసలకు కొంచెం కలిపితే ఓజా చేతి గంట ఒకటి వస్తది. కొనేటప్పుడు నడుమ దుకాణంల కంటే వాళ్ల దగ్గరికే పోయి కొంటే ఇంకా మంచిది.

ఇల్లు కడుతున్నోళ్లకు నాకు తెలిసిన పని మాటలు కొన్ని చెప్తా. పాత బట్టను కత్తిరించకండి, ఫ్రేముకు సరిపోలేదని అంచు తీసెయ్యకండి. మొలలు కొట్టి వేలాడదీస్తే బరువుకు చినుగుతది. అద్దాల గుడ్డ చానా బరువు ఉంటది. వెనుక పై అంచు పొడుగుతా ఒక కాటన్ గుడ్డను గొట్టం లెక్క కుట్టి, దాంట్ల కట్టె దూర్చి, ఆ కట్టెను గోడకు పెట్టండి. బరువు అంతటా సమానంగ పడతది. రోజంతా ఎండ పడే గోడ వద్దు, ఎరుపు రంగు ముందుగాల వెలుస్తది. పొద్దుగాల గంట, రెండు గంటలు పడితే చాలు. సర్ఫ్‌ల నానబెట్టుడు అసలే వద్దు. పాత దారాల రంగు దిగుతది, అద్దం వెనుక పూత పోతది. నీడల దులిపి ఆరేస్తే చాలు. సందుగల పెట్టేదుంటే పాత కాటన్ చీరల చుట్టి వేపాకు వేయండి, ప్లాస్టిక్ కవర్ల కడితే చెమ్మ పడతది. ఇత్తడి బిందె హాల్ మూలకు పెట్టుకుంటే రోజూ తోమే పని లేదు, దవాళికి ఒకసారి తోముకోవచ్చు, ఈసారి మొగపిల్లలు తోముతే ఇంకా మంచిది. కొత్త ఇంట్ల సామాన్లకు అల్మారా కట్టిస్తున్నప్పుడే ఇత్తడికి ఒక గూడు వదలమని మేస్త్రీకి ముందే చెప్పండి. తర్వాత గోడ పగలగొట్టుడు ఖర్చు.

పీఓపీ సీలింగ్ వేయించుకునేటోళ్లు వేయించుకోండి, మీ ఇష్టం. దాని కోసం వారం వడ్డీకి తేవొద్దు అని మాత్రం అంట. స్లాబు కింద సీలింగ్ లేకున్నా ఇల్లు ఇల్లే. నెల కిస్తీ తప్పితే ఫైనాన్సోళ్లు వచ్చి గడప మీద కూర్చుంటరు, అప్పుడు పైన గోల్డ్ పట్టీ ఎంత మెరిసినా కిందికి చూడాల్సిందే.

దవాళికి అందరం ఇండ్లకు పోతం. ఆడపిల్లలం దీపాలు పట్టుకొని ఇల్లిల్లు తిరిగి మేరా అడుగుతం కదా, ఆ రోజు ప్రతి ఇంట్ల దాదిలు ఉంటరు, సందుగలు కూడా తెరుస్తరు. ఒక్కొక్కరం ఒక్కో సందుగ ముందట కూర్చొని రాసుకుందాం: వస్తువు పేరు గోర్ బోలిల, కుట్టిన మనిషి పేరు, ఏ యేడు, అద్దాలు ఎన్ని. ఫోటోలు గ్రూపుల పెట్టేటప్పుడు ఊరు పేరు, ఇంటి గుర్తులు పెట్టకండి. పాత బట్టలు కొనేటోళ్లు కూడా ఫేస్‌బుక్, వాట్సాప్ చూస్తనే ఉంటరు. ఎవరి దాది అయినా కుట్టు నేర్పుత అంటే కామెంట్ల చెప్పండి. మా హాస్టల్ నుంచి ఇప్పటికి నలుగురం తయారున్నం, ఆదివారాలు ఖాళీ.